ముసలి గాడిద మౌనము

‘గాడిద’ యను మాట మనకు తిట్టుగానే ఎక్కువ పరిచితము. చాకిరేవునకు బట్టల మూటలను, కట్టడములకు ఇటుకలను, ఇసుకను మోసిన ఆ మూగజీవము ముసలిదైన పిమ్మట దాని వ్యాధిని గుర్తించుట ఎట్లో ఎరిగినవారు తక్కువ. ఆ విషయమును ఇచ్చట కొంత వివరింపదలచితిమి.

చక్కని పోషణ యున్నచో గాడిద 30 ఏండ్లకు పైగా జీవింపగలదు. అయితే అది తన బాధను పైకి కనబరచదు. కడుపునొప్పి వచ్చిన గుర్రము నేలపై పొర్లును; గాడిద తరచుగా తల వాల్చి ఊరక నిలుచును. యజమాని దానిని చూచి, ‘వయసు మీదపడినది’ అని సరిపెట్టుకొనును. ఈ పొరపాటే ప్రాణముల మీదికి తెచ్చును.

గాడిద మేత మానినచో దేహమునందలి క్రొవ్వు కరగి రక్తములోనికి మితిమీరి చేరును. కాలేయము ఆ భారమును తాళలేదు. కొలది దినములలోనే మరణము సంభవింపవచ్చును. కావున మేత ముట్టని గాడిదను రేపు చూతమని విడువరాదు; ఆనాడే పశువైద్యునికి చూపవలెను.

మేత మానుటకు దంతములు కారణము కావచ్చును. అరిగి మొనదేలిన దవడపండ్లు బుగ్గలను, నాలుకను కోయును. సగము నమిలిన గడ్డి ముద్దలు నోటినుండి జారిపడుట, లద్దెలో పొడవైన గడ్డిపోచలు కనబడుట, నోరు దుర్వాసన కొట్టుట దీని గుర్తులు. జతగాడిద చనిపోయినను దిగులుతో మేత మానవచ్చును.

దట్టమైన రోమము ఎముకలను కప్పివేయును గనుక కంటితో చూచుట చాలదు. ప్రక్కటెముకలను, వెన్నును చేతితో తడిమి చూడవలెను. తరచు పండుకొనుట, లేచుటకు కష్టపడుట కీళ్ళవాపును సూచించును. గిట్టలు వేడిగానుండి, అడుగు వేయుటకు జంకినచో గిట్టలోపల వాపు కలదని అనుమానింపవలెను. విశ్రాంతిగానున్న గాడిద దేహోష్ణము సుమారు 37 సెల్సియస్ డిగ్రీలు, శ్వాస నిమిషమునకు సుమారు 20 సారులు ఉండును.

2012 పశుగణనలో మన దేశమున సుమారు 3.2 లక్షలుగా నున్న గాడిదలు 2019 నాటికి 1.2 లక్షలకు తగ్గినవి. మిగిలినవాటిని నమ్ముకొని బ్రదుకు పేద కుటుంబములు నేటికిని కలవు. సెలవులకు స్వగ్రామమునకు వెళ్ళు విద్యార్థులు తల వాల్చి నిలిచిన ముసలి గాడిదను చూచినచో, ‘ఈ పూట మేత తిన్నదా?’ అని దాని యజమానిని అడుగుదురు గాక. వార్ధక్యము వ్యాధి కాదు. దాని చాటున దాగిన వ్యాధికి పెక్కుసారులు చికిత్స కలదు.