జోకు ఎందుకు పేలలేదో సర్వే చెప్పదు

2023 ఆగస్టులో ఎడిన్‌బరో ఫ్రింజ్ ఉత్సవం సందర్భంగా గూగుల్ డీప్‌మైండ్ పరిశోధకులు హాస్య కళాకారులతో వర్క్‌షాపులు పెట్టారు. అక్కడికి వచ్చినవాళ్లు కొందరు, ఆన్‌లైన్‌లో కలిసినవాళ్లు మరికొందరు, మొత్తం 20 మంది. మైకు పట్టి జనాన్ని నవ్వించడమే వాళ్ల వృత్తి. కృత్రిమ మేధ కూడా వాళ్లకు కొత్తేమీ కాదు. చాట్‌బాట్‌తో కలిసి, వేదికెక్కి ధైర్యంగా చెప్పగలిగే సరుకు రాయండి అన్నారు. రాశాక ఒక ప్రశ్నావళి, ఆపైన అందరితో చర్చ. మొత్తం మూడు గంటల పని.

ప్రశ్నావళితో తేలేది కొంతే. సాధనం ఎంత తోడ్పడింది, రాస్తుంటే సరదాగా ఉందా అని మార్కులు వేయించి సగటు తీయవచ్చు. అసలు సంగతులు బయటపడింది చర్చలోనే. యంత్రం రాసిచ్చింది తాలింపు లేని పప్పులా ఉందని, పాత మూస హాస్యమేనని చాలామంది పెదవి విరిచారు. ఒకరి అనుభవం మరీ ఆలోచింపజేస్తుంది. ఆసియా మహిళ మీద హాస్య ప్రసంగం అడిగితే చాట్‌బాట్ మర్యాద పాఠం చెప్పి తప్పించుకుంది. తెల్లజాతి మగవాడి మీద అడిగితే మాత్రం రాసిచ్చింది! ఎవరినీ నొప్పించకూడదని పెట్టిన వడపోత, తమ బతుకు మీద తామే నవ్వుకునేవాళ్ల నోరు కట్టేస్తోందన్నమాట. ఇలాంటిది ముందే ఊహించి ప్రశ్నగా పెట్టడం ఎవరి తరం?

ఇలా మనుషుల మాటల్లోంచే సంగతులు వెలికితీయడాన్ని గుణాత్మక పరిశోధన అంటారు.

కబుర్లు పోగేసి నచ్చినవి ఏరుకోవడం కాదిది. మాటలన్నీ రికార్డు చేసి రాతలోకి దింపుతారు. వాక్యం వాక్యం చదువుతూ పక్కన చిన్న గుర్తులు రాస్తారు: ‘నా గొంతు కాదు’, ‘యంత్రం భయపడింది’ వంటివి. ఒకదానికొకటి దగ్గరగా ఉన్న గుర్తులు కలిసి ఒక ఇతివృత్తం అవుతాయి. మనస్తత్వ శాస్త్రవేత్తలు వర్జీనియా బ్రౌన్, విక్టోరియా క్లార్క్ 2006లో ఈ పద్ధతిని మెట్టు మెట్టుగా వివరించారు. ఇతివృత్తాలు వాటంతటవే పైకి తేలవు, పరిశోధకులే అల్లుతారు అని వాళ్లు గట్టిగా చెబుతారు.

మరి అల్లేవాళ్లెవరన్నది కూడా అడగాలి కదా. ఎడిన్‌బరో అధ్యయనంలో ముందున్న పియోటర్ మిరోవ్‌స్కీ స్వయంగా వేదిక మీద ఆశువుగా నటించే కళాకారుడు. హాస్యకారుల బాధ ఆయనకు తెలుసు. అదే సమయంలో ఆయన పనిచేసేది ఇలాంటి యంత్రాలు తయారుచేసే సంస్థలో. పాఠకుడు ఈ రెండూ గుర్తుంచుకునే చదవాలి. పైగా 20 మంది మాటలను శాతాల్లోకి మార్చి లోకంలోని హాస్యకారులందరికీ అంటగడితే అది పత్రికల అత్యుత్సాహమే అవుతుంది. ఈ పద్ధతి చెప్పగలిగేది ఏం జరుగుతోంది, ఎలా జరుగుతోంది అన్నదే. ఎంతమందికి అన్న లెక్క వేరే పని.

ఎడిన్‌బరో అధ్యయనానికి ముందు కూడా ఇదే బృందంలోని కొందరు ఇలాంటి తీరులోనే డ్రామాట్రాన్ అనే నాటక రచనా సాధనాన్ని 15 మంది నాటక, సినిమా నిపుణుల ముందు పెట్టారు. ఒక్క వాక్యం కథాంశం ఇస్తే పాత్రలు, సన్నివేశాలు, సంభాషణలు వరుసగా అల్లుతుందది. ఒక్కొక్కరితో సుమారు రెండు గంటలు కూర్చుని, రాస్తుండగా వాళ్లు అన్న మాటలు, చేసిన కొట్టివేతలు గమనించారు. పూర్తి నాటకం రాయడానికి పనికిరాదు గానీ ఊహలకు ఊతమిస్తుందని కొందరన్నారు. విన్న సలహాలను బట్టి అధ్యయనం నడుస్తుండగానే సాధనాన్ని మార్చారు కూడా. అందులో పుట్టిన స్క్రిప్టులను మనుషులు సవరించాక, 2022లో కెనడాలోని ఎడ్మంటన్ ఫ్రింజ్ ఉత్సవంలో నటులు ప్రదర్శించారు.