ఇంట్లో పిల్లల ఊయల – తీసుకోవలసిన జాగ్రత్తలు



కొన్నేళ్ళ క్రిందట చిలమకూరు వైపు నుంచి ఒక తల్లి తన ఆరేళ్ళ బిడ్డను ఎత్తుకొని డ్రెస్సింగ్ గదికి వచ్చింది. బిడ్డ నొసట గాయం, ఆమె కొంగంతా రక్తం. ఆ పిల్లవానికి మాటలు సరిగా రావు. కుదురుగా కూర్చోడు, ఎప్పుడూ ముందుకూ వెనక్కీ ఊగుతుంటాడు. "ఊగితేనే గమ్మునుంటాడు సిస్టరమ్మా. ఫ్యాన్ కొక్కేనికి చీర కడితిని. కొక్కెం ఊడొచ్చి బండ మీద పడె" అని ఏడ్చింది. నాలుగు కుట్లు వేశాము.

నెల ముందు "ఇంట్లో ఊయల కట్టమ్మా, మంచిదే" అని ఆమెకు చెప్పింది నేనే. ఎక్కడ కట్టాలో, ఎట్లా కట్టాలో చెప్పలేదు. ఆనాడు చెప్పవలసినది ఈనాడు మీ అందరికీ చెబుతున్నాను.

ఊయల ఎందుకు?

మన లోపలి చెవిలో మూడు అర్ధచక్రాకార నాళాలు, వాటితోపాటు కదలికను గుర్తించే చిన్న తిత్తులు ఉంటాయి. తల కదిలిన సంగతిని అవే మెదడుకు తెలుపుతాయి. ఆటిజం వంటి ఇబ్బందులున్న కొందరు పిల్లలకు మెల్లని ఊపు నెమ్మదినిస్తుంది. అమెరికాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపిస్టు జీన్ ఏయర్స్ ఈ విషయమై 1972లో పుస్తకం వ్రాశారు. అయితే ఊయల రోగాన్ని నయం చేయదు. ఇటువంటి చికిత్సలకు ఋజువులు పరిమితమని, మిగతా చికిత్సతోపాటు వాడుకోవచ్చునని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012లో తెలిపింది. కనుక మాటల శిక్షణ, చదువు మానకూడదు.

ఎక్కడ కట్టాలి?

ఫ్యాన్ కొక్కేనికి ఎన్నడూ కట్టకండి. అది కదలని బరువు కోసం వేసినది, పైగా పక్కనే కరెంటు తీగ ఉంటుంది. బండల మిద్దె, రేకుల ఇల్లు, చెదలు పట్టిన దూలం కూడా పనికిరావు. కొత్తగా స్లాబు వేసేవారు, ఊయల కోసమని మేస్త్రీకి ముందే చెప్పి, కొక్కేన్ని స్లాబు కమ్ములకు కట్టించండి. పాత స్లాబైతే అనుభవమున్న మేస్త్రీ చూసి సరేనన్న తర్వాతే వేయించండి.

20 కిలోల బిడ్డ గట్టిగా ఊగితే, కిందికి వచ్చే క్షణాన తాడుపై 40 కిలోలు, మరీ ఎత్తుకు పోతే 60 కిలోల బరువు పడుతుంది. అందుచేత మొదట పెద్ద మనిషి కూర్చొని మెల్లగా ఊగి చూడాలి. ప్రతి వారం కొక్కెం, తాడు, ముడి పరీక్షించాలి. పిగిలిన తాడు, జారే నైలాన్ చీర వద్దు.

ఎట్లా కట్టాలి?

కూర్చొన్నప్పుడు బిడ్డ పాదాలు నేలకు ఆనేటంత ఎత్తు చాలు. గోడ, మంచం, కిటికీ ఏ వైపు ఊగినా తగలకూడదు. మన ఇళ్ళలో నేల కడప బండే గనుక కింద మందపాటి పరుపు వేయండి. చీర ఉయ్యాల పెద్ద పిల్లలకు చాలా ప్రమాదం. వారు తిరుగుతూ మెలిపెడితే మెడకు చుట్టుకుంటుంది. ముఖం కనబడేటట్లు బల్ల ఊయల వాడండి. పని అయిన వెంటనే విప్పి దాచండి.

ఎంతసేపు?

అన్నం తిన్న వెంటనే వద్దు. ఐదు పది నిమిషాలు, ముందుకూ వెనక్కీ మెల్లగా ఊపండి. గిరగిరా తిప్పకండి. ముఖం పాలిపోయినా, చెమట పట్టినా, వాంతి వచ్చేటట్లున్నా, బిడ్డ వద్దన్నా ఆపండి. మూర్ఛ ఉన్న పిల్లలకు డాక్టరు గారిని అడిగిన తర్వాతే. ఒక్క నిమిషమైనా బిడ్డను ఒంటరిగా వదలకండి.

ప్రమాదం జరిగితే

మెడకు చుట్టుకుంటే ముందు బిడ్డను పైకెత్తి బిగువు తగ్గించండి, తర్వాత గుడ్డ కోయండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినా, పదే పదే వాంతులైనా, ఫిట్స్ వచ్చినా, చెవిలోనుంచి గానీ ముక్కులోనుంచి గానీ రక్తమో నీరో కారినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి.

కట్టే చోటు లేకపోతే దిగులు పడకండి. గట్టి దుప్పటిలో బిడ్డను పడుకోబెట్టి, ఇద్దరు పెద్దవాళ్ళు చెరో కొస పట్టుకొని, పరుపుపై జానెడు ఎత్తున మెల్లగా ఊపవచ్చు. ఆ తల్లికి అదే నేర్పించాము. ఇప్పుడు సాయంత్రం పూట తల్లీ, అవ్వా కలిసి ఊపుతున్నారు. మొన్న వచ్చినప్పుడు నొసటి మచ్చ చూపించి, "ఇప్పుడు భయం లేదు సిస్టరమ్మా" అన్నది.

మీకు సందేహముంటే కట్టక ముందే వచ్చి అడగండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్