దీవిని కాల్చిన గడ్డి!

చుట్టూ నీలి సముద్రం. తీరం వెంట కొబ్బరిచెట్లు. ఊరి నడిబొడ్డున, 1873లో మనదేశం నుంచి తెప్పించి నాటిన మర్రిచెట్టు... అమెరికాలోని హవాయి దీవుల్లో ఒకటైన మౌయికి వెళ్లిన పర్యటకులు లహైనా పట్టణాన్ని చూడకుండా వచ్చేవారు కాదు. 2023 ఆగస్టు 8న ఆ ఊరు చాలావరకూ బూడిదైంది. 102 మంది చనిపోయారు. రెండువేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. మంటల్ని తప్పించుకోవడానికి కొందరు సముద్రంలోకి దూకారు!

నీళ్ల మధ్య ఉన్న దీవికి నిప్పుతో ఇంత ముప్పేమిటి?

చెరకు పోయి... వంటచెరకు!

ఒకప్పుడు లహైనా చుట్టూ చెరకు తోటలే. నీళ్లు పారేవి కాబట్టి నేల తడిగా ఉండేది. కానీ గిట్టుబాటు కాక ఆ సాగు ఆగిపోయింది. లహైనా చక్కెర మిల్లు 1999లో, దీవిలోని చివరి మిల్లు 2016లో మూతపడ్డాయి. బీడుపడ్డ పొలాలను గినీ గడ్డి ఆక్రమించింది. మన పాడిరైతులు మేతకోసం పెంచుతారే... అదే. హవాయికీ పశువుల మేతగానే వచ్చింది. వానలకు మనిషిని మించి ఎదుగుతుంది. ఎండలకు వంటచెరకులా తయారవుతుంది. కాలినచోట అడవి చెట్లకన్నా ముందు మొలిచేదీ అదే. అందుకే మంట వచ్చినప్పుడల్లా అడవి తగ్గి, గడ్డి పెరుగుతుంది. వాతావరణం వేడెక్కేకొద్దీ ఆ గడ్డి మరింత తొందరగా ఎండిపోతుంది.

ఆ రోజు పెనుగాలులకు కరెంటు తీగలు తెగిపడి గడ్డి అంటుకుంది. పొద్దున ఆర్పేశామనుకున్న మంట మధ్యాహ్నం మళ్లీ రాజుకుంది. దీవిలో ప్రమాద సైరన్లున్నా మోగించలేదు. సునామీ అనుకుని జనం కొండవైపు, అంటే మంటలవైపే, పరిగెడతారేమోనని మోగించలేదన్నారు అధికారులు!

మేకలే కాపలా

హవాయిలో కార్చిచ్చుల్లో నూటికి 98కి పైగా మనుషుల వల్ల మొదలయ్యేవే. కాబట్టి అసలు పని నిప్పు పుట్టకముందే చేయాలి. అందుకే అక్కడ మేకలు, గొర్రెలు, పశువులతో గడ్డిని మేపిస్తున్నారు. ఊళ్ల పక్కన గడ్డి తీసేసి, మంట దాటకుండా వెడల్పాటి ఖాళీ పట్టీలు వదులుతున్నారు. బీళ్లలో స్థానిక చెట్లు నాటుతున్నారు. పొడి వాతావరణంలో గాలులు ఉద్ధృతంగా వీస్తే ముందుగానే కరెంటు ఆపేసే పద్ధతి 2024 జులైలో మొదలైంది.

మరి ఆ మర్రి? నల్లగా మాడిపోయిన చెట్టుకి నీళ్లుపోసి, కంపోస్టు వేసి కాపాడుకున్నారు. నెలరోజులు దాటాక, సెప్టెంబరులో, చిగురు కనిపించింది. అయినా కొన్ని కొమ్మల్ని కొట్టేయక తప్పలేదు. ఆ మర్రి అంతగా విస్తరించడానికి 150 ఏళ్లు పట్టింది. గడ్డి ఏపుగా పెరగడానికి మాత్రం ఒక్క వానాకాలం చాలు. అందుకే... మేకలకు అక్కడ ఏటా పని ఉంటుంది!