కండలు పెంచేదెవరు? కరిగించేదెవరు?

తెర మీద హీరోగారి చొక్కా చిరిగితే చాలు, హాలు దద్దరిల్లిపోతుంది! ఈలలు, చప్పట్లు, కాగితాల వాన! 'దేశముదురు' (2007)లో అల్లు అర్జున్ సిక్స్ ప్యాక్ చూసిన నాటి నుంచి మన కుర్రకారుకి ఆ పలకల పిచ్చి గట్టిగానే పట్టుకుంది. అందరినీ నవ్వించే సునీల్ 'పూలరంగడు' (2012)లో చొక్కా విప్పి నిలబడేసరికి, 'ఆయన చేయగా లేనిది మనం చేయలేమా!' అనుకుని మర్నాడే జిమ్ముకి పరిగెత్తినవాళ్లు ఎంతమందో! 'అరవింద సమేత' (2018)లో ఎన్టీఆర్‌ని చూశాక ఇక చెప్పనే అక్కర్లేదు.

ఇంతకీ ఆ కండ ఎలా వస్తుంది? వచ్చిన కండ ఎందుకు పోతుంది? భూమిని వదిలి రోదసిలోకి వెళ్లినవాడి కండ ఏమవుతుంది? ఈ మూడు ప్రశ్నలూ ఒకేసారి నా నెత్తిన పడ్డ ఊరు ఆదిభట్ల.

మొండేలు తయారయ్యే ఊరు

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే ఉంది ఆదిభట్ల. బాహుబలి మాహిష్మతిని కట్టిన రామోజీ ఫిల్మ్ సిటీ ఇక్కడికి అంత దూరమేమీ కాదు. కానీ ఆదిభట్లది వేరే రకం స్టూడియో. ఇక్కడ 2018లో ప్రారంభమైన టాటా బోయింగ్ కర్మాగారంలో అపాచీ హెలికాప్టర్ల మొండేలు తయారవుతాయి. సీ-130జే రవాణా విమానాల తోక భాగాలు కూడా ఈ ఊరివే. మరోపక్క టీసీఎస్ వారి పెద్ద క్యాంపస్. అంటే ఒక ఊళ్లోనే ఎగిరే యంత్రాలు చేసేవాళ్లూ ఉన్నారు, పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని కంప్యూటర్ నొక్కేవాళ్లూ ఉన్నారు. సాయంత్రమైతే ఇద్దరూ కలిసే చోటు జిమ్ము!

అలాంటి ఒక జిమ్ము మెట్ల దగ్గర, చెమట తుడుచుకుంటూ ఒక కుర్రాడు నన్ను పట్టుకున్నాడు. సినిమా పత్రికలకు రాస్తానని ఎవరో చెప్పారట.

"అన్నా, ఆ హీరో మూడు నెలల్ల బాడీ చేసిండంట గదా! నేను ఐదు వారాల సంది కొడుతున్న. బరువైతే మస్తు లేపుతున్న గని షేపు వస్తలేదు. ఒకాయన సూది వేసుకో, నెలల వస్తది అంటుండు. వేసుకోమంటరా?"

ఇరవై రెండేళ్లుంటాయేమో. ఆ ప్రశ్నకి రెండు ముక్కల్లో జవాబు చెప్పి వచ్చేయొచ్చు. కానీ ఇదే ప్రశ్న అడగాలని ఉండీ అడగలేని వాళ్లు మన పాఠకుల్లో ఎందరున్నారో! అందుకే ఈ కథంతా.

చర్మం కింద జరిగే షూటింగ్

మన ఒంట్లో ఆరు వందలకు పైగా కండరాలున్నాయి. ఒంటి బరువులో ఇంచుమించు 40 శాతం వాటిదే. ఒక్కో కండరం పేనిన మోకులాంటిది. విప్పుతూ పోతే పోగులు, ఆ పోగుల్లో సన్నని దారాలు. ఆ దారాలు రెండు రకాల మాంసకృత్తులు: ఆక్టిన్, మయోసిన్. ఒకదాని మీద ఒకటి జారితే కండ బిగుస్తుంది. ఈ జారుడు గుట్టు శాస్త్రజ్ఞులకు దొరికింది 1954లో.

పోగుల్లోనూ రెండు జాతులున్నాయి. కోడికూర తినేవాళ్లకి ఇది చెప్పడం సులువు. నాటుకోడి కాలి మాంసం ఎర్రగా, రొమ్ము మాంసం తెల్లగా ఉంటుంది, గమనించారా? రోజంతా నిలబడి, నడిచే కాళ్లలో అలసట ఎరుగని నెమ్మది పోగులు ఎక్కువ. ఎప్పుడో ఒకసారి రెక్కలు టపటపలాడించే రొమ్ములో చప్పున పనిచేసి చప్పున అలిసిపోయే వేగపు పోగులు ఎక్కువ. మనలో రెండూ కలిసే ఉంటాయి.

ఇప్పుడు మన ఆదిభట్ల కుర్రాడి సందేహానికి వద్దాం. బరువు లేస్తోంది గానీ షేపు రావడం లేదేం? అది సహజం! మొదటి కొన్ని వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ వాటా నరాలది. ఇన్నాళ్లూ నిద్రపోతున్న పోగుల్ని మెదడు లేపి పనిలో పెడుతుంది. ఆ తర్వాతే అసలు కట్టుబడి. బరువు లాగుడుకి కండ తన మాంసకృత్తుల్ని వేగంగా తయారు చేసుకుంటుంది, పోగు లావెక్కుతుంది. పోగుల పక్కన అంటిపెట్టుకుని ఉండే చిన్న కణాలు కూడా లేచి వచ్చి మరమ్మతుకి సాయపడతాయి. వీటిని 1961లో కనిపెట్టారు. ఈ పనంతా జరిగేది జిమ్ములో కాదు సుమా! ఇంటికెళ్లి, కడుపునిండా పప్పో, గుడ్డో తిని, హాయిగా నిద్రపోయినప్పుడు.

పరుగు పెట్టేవాడి కథ వేరు. వాడి పోగులు అంతగా లావెక్కవు. లోపల శక్తిని పుట్టించే మైటోకాండ్రియా పెరుగుతాయి, రక్తనాళాల అల్లిక చిక్కబడుతుంది. ఏ పని అడిగితే ఆ పనికి తగ్గట్టు మారడమే కండ గొప్పతనం.

అసలు భీమవరం బుల్లోడు

'భీమవరం బుల్లోడు' అనగానే మీకు 2014లో వచ్చిన సునీల్ సినిమా గుర్తొస్తుంది. కండ సంగతి కొస్తే మాత్రం అసలు భీమవరం బుల్లోడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు! 1895లో భీమవరంలో పుట్టి, అమెరికాలో హార్వర్డ్‌కు వెళ్లి, 1927లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని బయటపెట్టారాయన.

అదేం గొప్ప అంటారా? కండ లాక్టిక్ ఆమ్లం బలంతోనే బిగుస్తుందని అప్పటిదాకా పెద్దపెద్దవాళ్లు నమ్మేవారు. కండ మీద పరిశోధనకు 1922 నోబెల్ బహుమతి అందుకున్న హిల్, మేయర్‌హాఫ్ ఆ పక్షంవారే. సుబ్బారావు పరిశోధన ఆ నమ్మకాన్ని కదిలించేసింది. 1929లో ఫిస్క్, సుబ్బారావు జంట ఏటీపీని కూడా వేరుచేసింది. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా స్వతంత్రంగా దాన్ని కనిపెట్టాడు. ఏ కండ బిగవాలన్నా ఖర్చయ్యే రొక్కం ఏటీపీ. అది తగ్గగానే వెంటనే నింపే గల్లాపెట్టె ఫాస్ఫోక్రియాటిన్. ప్రాణం పెట్టి పరిగెడితే ఆ పెట్టె పదిసెకన్లలోపే చాలావరకు ఖాళీ! మళ్లీ నిండటానికి కొన్ని నిమిషాలు పడుతుంది. జిమ్ములో మాస్టరు సెట్టుకీ సెట్టుకీ మధ్య ఆగమనేది ఇందుకే.

ఈనాడు కుర్రాళ్లు నీళ్లలో కలుపుకుని తాగే క్రియాటిన్ పొడి తయారీ ఈ గల్లాపెట్టెను నింపడానికే. ఆ డబ్బా పట్టుకున్నప్పుడు భీమవరాన్ని ఒకసారి తలుచుకోండి!

కూర్చుని తింటే...

కొండలైనా కరుగుతాయంటారు పెద్దలు. కండలు కూడా! కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయంవారు 2015లో వెల్లడించిన పరిశోధన ఒకటుంది. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ల కాలుకి కదలకుండా కట్టు వేశారు. రెండే రెండు వారాలు! ఆ కాలి బలంలో ఇంచుమించు మూడోవంతు పోయింది. కట్టు విప్పాక ఆరు వారాలు సైకిల్ తొక్కించినా బలం పూర్తిగా తిరిగి రాలేదు. బరువులు కూడా ఎత్తాల్సిందేనన్నారు పరిశోధకులు.

పోవడానికి పద్నాలుగు రోజులు, రావడానికి నెలలు! పని లేని కండను పోషించడం ఒంటికి దండగ ఖర్చు. అందుకే కొత్త మాంసకృత్తుల తయారీ తగ్గించేస్తుంది. ఒక్క ఊరట ఏమిటంటే, ఒకప్పుడు వ్యాయామం చేసిన కండ, కొత్త కండ కంటే త్వరగా కోలుకుంటుంది.

రోదసిలో బరువు లేని బతుకు

'అంతరిక్షం' (2018)లో వరుణ్ తేజ్ తేలుతుంటే మనకి ముచ్చటేసింది. నిజం వ్యోమగామికి ఆ తేలడమే ముప్పు! అక్కడ భూమి ఆకర్షణ లేకపోలేదు. నౌకా మనిషీ కలిసి భూమి చుట్టూ పడుతూనే ఉంటారు గనక బరువు తెలియదు. బరువు లేకపోతే కాళ్లకీ వెన్నుకీ పనేముంది? నిలబెట్టే ఆ కండలే ముందు కరుగుతాయి. నాసా చెప్పే లెక్క ప్రకారం 5 నుంచి 11 రోజుల యాత్రలోనే 20 శాతం దాకా కండ పోవచ్చు.

1970లో సోయజ్-9లో ఇద్దరు రష్యన్లు 18 రోజులు గడిపి దిగేసరికి ఒకరి సాయం లేకుండా నడవలేకపోయారు. ఆ దెబ్బతో వ్యోమగాములకు వ్యాయామం నిత్యవిధి అయింది. హైదరాబాద్ నిజాం కాలేజీలో చదువుకున్న రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్‌లో సాల్యూట్-7కి వెళ్లినప్పుడు, బరువు లేని చోట ఒంటి మీద దాని ప్రభావం చూడటానికి యోగాసనాలు వేశాడు!

రాజాచారి సంగతి చూడండి. ఆయన తండ్రి ఇంజనీరింగ్ చదువు కోసం హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లినవారు. రాజాచారి 2021 నవంబరు నుంచి 2022 మే దాకా 177 రోజులు రోదసిలో ఉన్నారు. అక్కడ ఇనుప బిళ్లలు ఎత్తితే లాభమేముంది, వాటికీ బరువుండదు కదా! అందుకని గాలి తీసేసిన సిలిండర్లను లాగే యంత్రం పెట్టారు. అది 270 కిలోల దాకా ఎత్తినంత బరువు మోపగలదు. నడక యంత్రం మీద రబ్బరు పట్టీలతో కట్టేసుకుని పరిగెత్తాలి. అన్నీ కలిపి రోజుకి రెండు గంటల పైమాటే. 2025లో వెళ్లిన శుభాంశు శుక్లా, బరువు లేని చోట కండ కణాలు ఎందుకు సరిగా ఎదగవో తెలుసుకునే భారతీయ ప్రయోగం కూడా చేసి వచ్చారు. మంచాన పడ్డ మన తాతయ్యల కండలకీ రేపు ఆ జవాబు పనికొస్తుందని ఆశ.

మరి సూది?

ఆ కుర్రాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. డాక్టరు చీటీ లేకుండా, కండ కోసమని చాటుగా అమ్మే ఆ సూదుల్లో సాధారణంగా ఉండేవి స్టెరాయిడ్లు. మగ హార్మోనుకి నకళ్లు. కండ పెరగడం నిజమే. కానీ బయటి నుంచి సరఫరా వచ్చేసరికి ఒళ్లు సొంత తయారీ ఆపేస్తుంది. బీజాలు కుంచించుకుపోతాయి, పిల్లలు పుట్టే యోగం దెబ్బతింటుంది, గుండె గోడలు మందమవుతాయి, కాలేయం పాడవుతుంది. బయటికి షేపు, లోపల చీకటి!

"మరి హీరోకి మూడు నెలల్ల ఎట్ల వచ్చింది అన్నా?" అన్నాడు. వాళ్ల వెనక ఏళ్ల తరబడి సాధన ఉంటుంది, వంటమనిషీ, మాస్టరూ ఉంటారు, షూటింగ్ రోజున లైట్లూ నూనె మెరుపూ తోడవుతాయి. మనం చూసేది ఆ ఒక్క షాట్ మాత్రమే.

శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. భారతదేశపు ఆడపిల్లకి అది మొదటి ఒలింపిక్ పతకం. ఆ కండ వెనక పదేళ్ల సాధన ఉంది. ఆడపిల్లలకు బరువులెందుకనే పెద్దలకు ఈ మాట చెప్పండి.

కోట్లు పోసి, సిలిండర్లు బిగించి వ్యోమగాములు తెచ్చుకునే ఆ బరువుని భూమి మనకి ఉచితంగా ఇస్తోంది. లిఫ్టు వదిలి మెట్లెక్కండి. గంటకోసారి కుర్చీలోంచి లేవండి. గుంజీలు తీయండి, దండీలు కొట్టండి. ఆర్నెల్లు ఓపిక పట్టండి. అప్పుడు అద్దం ముందు నిలబడి ఈల మీరే వేసుకోవచ్చు!