తెలుగు పేర్లును కంప్యూటరు పరీక్షయు

కంప్యూటరునకు పని నేర్పునపుడు లెక్కలోని ప్రతి విలువకును ఒక పేరు పెట్టవలసియుండును. ఆ పేరు ఇంగ్లీషు అక్షరములతోనే యుండవలెనని మన విద్యార్థులలో పలువురు తలంచుచున్నారు. పూర్వము చాలవఱకు అట్లే యుండెను. 1991వ సంవత్సరమున వెలువడిన యూనీకోడ్ అను వర్ణపట్టిక ఇతర లిపులతోపాటు తెలుగునకును 128 స్థానములు కేటాయించెను. 2008లో వచ్చిన పైథాన్ మూడవ రూపము తెలుగు పేర్లను గూడ అంగీకరించెను. అయినను ప్రతి గుర్తును పేరులో చెల్లదు.

మన తుంగతుర్తి పేరునే తీసికొందము. కంటికది నాలుగక్షరములే. కంప్యూటరు దానిని పది గుర్తులుగా చదువును: త, కొమ్ము, సున్న, గ, త, కొమ్ము, ర, పొల్లు, త, గుడి. అచ్చులును హల్లులును పేరునకు మొదట నిలువవచ్చును. గుడి, కొమ్ము, సున్న, పొల్లు, అంకెలు అనునవి ముందొక యక్షరమున్నగాని రారాదు. హల్లు లేక గుణింతము లేదని ఓనమాలు నేర్చిన బాలుడును ఎఱుగును గదా! కావున ‘తుంగతుర్తి’ చెల్లును, ‘తరగతి౧’ చెల్లును, ‘౧తరగతి’ చెల్లదు. పదముల నడుమ ఖాళీగాని అడ్డగీతగాని చెల్లదు, క్రిందిగీత చెల్లును.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు మఱియొకటి కలదు. ‘పాస్‌మార్కు’ అని టైపు చేయునపుడు సకారము క్రింద మవత్తు పడకుండుటకై కనబడని గుర్తు నొకదానిని ఉంచుదుము. కాగితముపై నది దోషము కాదు. జావాస్క్రిప్ట్ దాని నంగీకరించును, పైథాన్ తిరస్కరించును. వ్రాత సరిగా కనబడుచుండగా తప్పని జవాబు వచ్చినచో, బాలుడు తన తెలివినో తన భాషనో నిందించుకొనును. దోషము ఆ రెంటిలోను లేదు.

పరీక్షించు విధము సులభము. పైథాన్‌లో పేరును కొటేషన్ గుర్తుల నడుమ వ్రాసి, చుక్క పెట్టి, ఈజ్‌ఐడెంటిఫయర్ అను మాటను ఇంగ్లీషు చిన్న యక్షరములతో వ్రాసి, చివర ఖాళీ బ్రాకెట్లు పెట్టవలెను. పేరు చెల్లినచో ట్రూ అనియు, చెల్లనిచో ఫాల్స్ అనియు జవాబు వచ్చును. ఫాల్స్ వచ్చినయెడల గుర్తుల నొక్కొక్కటిగా విడదీసి చూడవలెను.

పైథాన్‌లోని ఆజ్ఞలు ఇంగ్లీషులోనే యున్నవి. వానిని నేర్వక తప్పదు. అయినను పొడవు, వెడల్పు, వైశాల్యము అని తన మాటలతో పేర్లు పెట్టి లెక్క చేసిన విద్యార్థి, తాను చేయు పని యేమో యెఱిగి చేయును. తల్లిదండ్రులును ఆ లెక్కను చదివి గ్రహింపగలరు. కావున మొదటి పాఠములందు తెలుగు పేర్లనే వాడి, ముందుగా పరీక్షించి చూడవలసినదిగా మేము విద్యార్థులకు సూచించుచున్నాము.