బుట్టల రంగులు మారాయి, ఏరే చేతులు మారలేదు

మా ఊరు బుచ్చయ్యపేట మండలంలో ఉంది. 2022 ఏప్రిల్ దాకా మాది విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. జిల్లా పేరు మారినా చెరకు తోటలు మారలేదు, చోడవరం వెళ్లే రోడ్డు మీది గుంతలూ మారలేదు. మా ఊళ్లో తరచుగా మారేది ఒకటే, చెత్త నిబంధన.

ఇటీవల జరిగిన గ్రామసభలో తాగునీటి కంటే, వీధి దీపాల కంటే ఎక్కువసేపు చర్చ జరిగింది చెత్త మీదే. ఒక పెద్దమనిషి లేచి, "ఒకసారి రెండు బుట్టలన్నారు, తర్వాత మూడన్నారు, ఇప్పుడు నాలుగంటున్నారు. మేం వ్యవసాయం చేసుకోవాలా, చెత్త లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలా?" అని అడిగాడు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. వెంటనే ఇంకొకాయన, "అయినా ఏరడానికి మనిషిని పెట్టాక మళ్లీ మేమెందుకు ఏరాలి?" అన్నాడు. ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. ఏరడానికి పెట్టిన ఆ మనిషి అప్పుడు బయట వేపచెట్టు కింద నిలబడి ఉంది. ఆమెను లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. ఆమె అభిప్రాయం ఎవరూ అడగలేదు.

ఆ రెండో ప్రశ్న గురించే ఈ వ్యాసం. అందులో కులం అన్న మాట లేదు, కానీ ఉన్నదంతా కులమే.

ముందుగా మొదటి ప్రశ్నకు న్యాయం చేయాలి. ప్రజల విసుగు ఊరికే పుట్టలేదు. నగరాల చెత్తపై అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టుకు వెళ్లిన తర్వాత 2000లో తొలి జాతీయ నిబంధనలు వచ్చాయి. 2016లో వాటి స్థానంలో కొత్తవి వచ్చి, ప్రతి ఇల్లూ తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకర చెత్త అని మూడుగా వేరు చేయాలన్నాయి. రాష్ట్రంలో 2021 అక్టోబరు 2న 'క్లాప్' పేరుతో స్వచ్ఛ సంకల్పం మొదలైంది. పట్టణాల్లో ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టలు పంచారు. వాటి వెంటే నెలనెలా చెత్త పన్ను వచ్చింది. జనం మండిపడ్డారు. ప్రభుత్వం మారాక 2024లో ఆ పన్ను రద్దయింది. 2025 నుంచి ప్రతి నెలా మూడో శనివారం 'స్వచ్ఛాంధ్ర' దినమైంది. ఇక 2026 జనవరిలో కేంద్రం ప్రకటించిన కొత్త నిబంధనలు ఏప్రిల్ 1 నుంచి నాలుగు భాగాలు కావాలంటున్నాయి: తడి, పొడి, ప్యాడ్‌లు డైపర్ల వంటి శానిటరీ చెత్త, ప్రత్యేక జాగ్రత్త అవసరమైన చెత్త. బల్బులు, మందులు, రంగు డబ్బాలు ఈ నాలుగో దానిలోకి వస్తాయి.

ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు మారుతుంది, బండి మీది బొమ్మ మారుతుంది. నిబంధన ఎందుకు మారిందో మాత్రం ఇంటి గడప దాకా వచ్చి చెప్పేవారుండరు. వేరుచేసి పెట్టిన చెత్తను మన కళ్లముందే ఒకే బండిలో కలిపి పోస్తే మర్నాడు వేరుచేయాలన్న ఉత్సాహం ఎవరికి మిగులుతుంది? ఇంట్లో వేరుచేసే పని కూడా ఆడవాళ్ల మీదే పడుతుంది. గ్రామసభలో ఆవేశంగా మాట్లాడిన మగవాళ్లలో ఎందరు ఒక్కనాడైనా వంటింటి బుట్ట ముట్టుకున్నారో నాకు అనుమానమే. నేనైతే అప్పటిదాకా ముట్టుకోలేదు.

ముట్టుకోవలసిన రోజు అనుకోకుండా వచ్చింది. మా నాన్న పింఛను కాగితాలున్న కవరు పాత పత్రికలతో కలిసి చెత్త సంచిలోకి వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి సంగతి తెలిసి, ఊరి చివర చెత్త వేరుచేసే షెడ్డుకు పరుగెత్తాను. ఆ షెడ్డు ఎస్సీ పేట దాటాక శ్మశానం పక్కన ఉంది. దానికి 'చెత్త నుంచి సంపద తయారీ కేంద్రం' అని పేరు. అక్కడ ఆమె ఒక్కతే నేలమీద కూర్చుని చేతులతో ఏరుతోంది. చేతి తొడుగులు ఎప్పుడో చిరిగిపోయాయట. నేను విషయం చెప్పకముందే ఒక మూలకు చూపించింది.

"మీ సంచి అదే బాబూ. మందు బిళ్లల అట్టలు, కాయితాలు మీ ఇంట్లో ఎక్కువుంటాయి. సూత్తే తెలిసిపోద్ది."

కవరు దొరికింది. వెతుకుతున్నప్పుడే మా సంచిలో ఏమేమున్నాయో చూశాను. అన్నం మెతుకులు, షేవింగ్ బ్లేడు, పాత పత్రికలో సగం చుట్టిన ప్యాడ్, పగిలిన గాజు గ్లాసు, అన్నీ కలిసి ఉన్నాయి. నిబంధనల గురించి గ్రామసభలో చప్పట్లు కొట్టిన ఇల్లు అది. "కొత్త రూలు వచ్చిందట కదా, నీ పని తగ్గుతుందా?" అని అడిగాను. ఆమె నవ్వింది.

"రూలు మీకు మారింది బాబూ. నాకేటి? మునుపు మూడు కుప్పలెట్టేదాన్ని, ఇప్పుడు నాలుగెట్టమంటారు."

పాతికేళ్ల నిబంధనల చరిత్రకు ఇంతకంటే కచ్చితమైన సారాంశం నేను వినలేదు. మనం పాటించని నిబంధన గాలిలో కలిసిపోదు. మనం వేరుచేయని చెత్త వేరుపడకుండా ఉండిపోదు. ఎవరో ఒకరు వేరుచేస్తారు. మనింట్లో రెండు నిమిషాల్లో అయ్యే పని కుళ్లిన తర్వాత, గాజు పెంకులతో కలిసిన తర్వాత, ఆమె చేతిలో అయిదు గంటల పని అవుతుంది. నిబంధనను విసుక్కునే సౌకర్యం మనకుంది. అమలుచేయవలసిన అగత్యం ఆమెది.

ఆమె నాకంటే పదేళ్లు పెద్ద. అయినా నన్ను 'బాబూ' అంటుంది, నేను ఆమెను 'నువ్వు' అంటాను. పదేళ్ల పిల్లలు కూడా ఆమెను ఏకవచనంతోనే పిలుస్తారు. ఊరంతటికీ ఆమె 'చెత్తామె'. ఏ ఇంటి సంచి ఏదో ఆమెకు తెలుసు. ఆమె పేరేమిటో ఆ రోజు దాకా నాకు తెలియదు. ఇంటికి వచ్చాక మా అమ్మ ఆ కవరు మీద పసుపు నీళ్లు చిలకరించి లోపల పెట్టింది. చెత్తలో పడిందని చిలకరించిందో, ఆ చేతుల మీదుగా వచ్చిందని చిలకరించిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

మాది భూమి ఉన్న కులం. "ఇప్పుడు కులమెక్కడుంది? ఆ పనికి ఎవరినీ బలవంతంగా తేలేదు కదా" అని మా వీధిలో అంటారు. నిజమే, ఎవరూ బలవంతం చేయలేదు. కానీ పని ఖాళీ ఉందని తెలిసినప్పుడు మా వీధి నిరుద్యోగులు ఒక్కరూ రాలేదు. రోజూ ఇంత దూరం ప్రయాణించి అచ్యుతాపురం కంపెనీల్లో కాపలా ఉద్యోగం చేస్తారు గాని, సొంత ఊళ్లో ఈల ఊది చెత్త బండి తోయరు. జీతం కారణమైతే రెండింటికీ పెద్ద తేడా ఉండకపోవచ్చు. తేడా అంతా ఆ పనికి అంటుకున్న కులంలో ఉంది.

ఉత్తరాంధ్రలో ఈ అంటుకోవడం ఎలా జరిగిందో రెల్లి కులస్థుల చరిత్ర చెబుతుంది. గడ్డి కోసి అమ్మడం, పండ్లు, కూరగాయలు అమ్మడం వారి జీవనాధారాలు. పట్టణాలు పెరిగి పురపాలక సంఘాలు వచ్చాక పాకీ పని వారి కులవృత్తిగా మారింది. ఆధునిక సంస్థ ఒక కులానికి కొత్తగా అంటరాని పనిని అప్పగించి, తర్వాత దాన్ని సంప్రదాయం అనిపించిన ఉదాహరణ ఇది. రాయలసీమ నుంచి బెంగళూరు వెళ్లిన మాదిగలకూ, మద్రాసు చేరిన ఆది ఆంధ్రులకూ అదే చీపురు ఎదురైంది. 2025 ఆగస్టులో చెన్నై రిప్పన్ భవనం ముందు ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా రోజుల తరబడి బైఠాయించిన పారిశుధ్య కార్మికుల మధ్య తెలుగు మాటలు వినిపించడం యాదృచ్ఛికం కాదు. కోలారు బంగారు గనుల పట్టణంలో పాకీ పని చేసే తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నిర్మించి, 2016లో రామన్ మెగసెసే పురస్కారం పొందారు. ఆ సంస్థ వేసిన కేసులోనే 2014లో సుప్రీంకోర్టు, మురుగు గుంతల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలంది. 2023లో దాన్ని 30 లక్షలకు పెంచింది. ప్రాణానికి ధర పెరిగింది. గుంతలోకి దిగే కులం మారలేదు. మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికులపై కేంద్ర ప్రభుత్వమే సేకరించిన వివరాల్లో మూడింట రెండు వంతుల మంది దళితులు.

2025 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో ఎస్సీ వర్గీకరణ ఆర్డినెన్స్ వచ్చింది. రెల్లి, దాని ఉపకులాలకు 1 శాతం, మాదిగ ఉపకులాలకు 6.5 శాతం, మాల ఉపకులాలకు 7.5 శాతం వాటా నిర్ణయించారు. బడిలో, ఆఫీసులో ఆ 1 శాతం కోసం రెల్లి యువకులు దశాబ్దాల పాటు పోరాడవలసి వచ్చింది. చీపురు దగ్గర వాటా కోసం ఏ కమిషనూ వేయనక్కరలేకపోయింది. అక్కడ అప్రకటిత రిజర్వేషన్ ఎప్పటి నుంచో అమలులో ఉంది. ప్రతిభ గురించి మాట్లాడేవారు దాన్ని ఎన్నడూ ప్రశ్నించలేదు.

అందుకే చెత్త వేరుచేయడం అలవాటు సమస్య అన్న మాటను నేను ఒప్పుకోను. అవగాహన సదస్సులు, గోడల మీద నినాదాలు కొంత పని చేస్తాయి. కానీ 'చెత్త పుట్టించినవారే వేరుచేయాలి' అని చట్టం చెప్పే మాట, 'పుట్టించేది ఒకరు, ఎత్తేది ఇంకొకరు' అని కులం వేల ఏళ్లుగా నేర్పిన పాఠానికి నేరుగా అడ్డం తగులుతుంది. మన ఇంటి మురికిని మన చేత్తో ముట్టుకోవడం చిన్నతనమని మనకు బడి నేర్పలేదు, ఇల్లు నేర్పింది. బుట్టల సంఖ్య మీద మన కోపంలో సగం ఆ చిన్నతనమే.

అసలు నిబంధనల్లో ఆమె కోసం రాసినవీ ఉన్నాయి. కార్మికులకు యూనిఫాం, చేతి తొడుగులు, వాన కోటు, తగిన పాదరక్షలు, మాస్కు అందేలా చూడటం స్థానిక సంస్థ బాధ్యత అని 2016 నిబంధనలే చెప్పాయి. ప్యాడ్‌లు తయారుచేసే కంపెనీలు వాటిని చుట్టి పారవేసేందుకు సంచి కూడా ఇవ్వాలన్నాయి. గ్రామసభలో మేం బుట్టల మీద గంటసేపు వాదించాం. ఈ రెండింటి గురించి ఒక్క మాట రాలేదు. మనకు కష్టం కలిగించే నిబంధన మారితే మనకు తెలుస్తుంది. ఆమెకు రక్షణనిచ్చే నిబంధన అమలుకాకపోతే మనకు తెలియనే తెలియదు.

పల్లెల్లో ఈ పనివారిని మొదట 'గ్రీన్ అంబాసిడర్' అన్నారు, తర్వాత 'క్లాప్ మిత్ర' అన్నారు. నెలకు 6 వేల రూపాయలు. దాన్ని జీతం అనరు, 'గౌరవ వేతనం' అంటారు. కనీస వేతనం ఇవ్వనక్కరలేని చోట గౌరవం అన్న మాట ఎంత చవకగా దొరుకుతుందో! బకాయిల కోసం రాష్ట్రంలో ఎన్నో మండల కార్యాలయాల ముందు వీళ్లు ధర్నాలు చేశారు. పేరు మారింది, బాకీ మారలేదు.

నిబంధనలు మారకూడదని నా వాదన కాదు. ప్లాస్టిక్, డైపర్లు, బ్యాటరీలు పల్లెకు చేరాక పాత పద్ధతి చాలదు. నాలుగో బుట్ట అవసరమే. కాని మార్పు కొలమానం మారాలి. ఇంటివారికి ఎంత ఇబ్బంది అన్నదొక్కటే కాదు, ఏరే మనిషి చేతికి ఎంత మురికి తగ్గింది అన్నది చూడాలి. కలిపి ఇచ్చిన చెత్తను తీసుకోనని చెప్పే హక్కు ఆమెకు రాతపూర్వకంగా ఉండాలి. ఆ మాట చెప్పినందుకు ఆమె పని పోదన్న హామీ పంచాయతీ ఇవ్వాలి. వేరుచేసిన చెత్తను బండిలో మళ్లీ కలిపితే జవాబు చెప్పవలసింది అధికారి, ఆమె కాదు. 15వ ఆర్థిక సంఘం గ్రామీణ స్థానిక సంస్థలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికీ ముడిపెట్టింది. ఆ పద్దులో ఒక జత చేతి తొడుగులకు చోటు లేదనడం నమ్మదగిన మాట కాదు. కనీస వేతనం, ఆరోగ్య పరీక్షలు, పనిలో పర్మినెంటు భద్రత వచ్చిన రోజున ఆ పనికి మా వీధి నుంచి కూడా దరఖాస్తులు వస్తాయి. కులానికీ చీపురుకూ ఉన్న ముడి విప్పే దారుల్లో అదొకటి. ఊరి షెడ్డు ప్రతిసారీ ఎస్సీ పేట పక్కనే ఎందుకు వెలుస్తుందన్నది కూడా గ్రామసభ ఎజెండాలో చేరాలి.

మా ఇంట్లో ఇప్పుడు బుట్టలు నేనే వేరుచేస్తున్నాను. ఇందులో గొప్ప ఏమీ లేదు, ఇన్నేళ్లు చేయకపోవడమే తప్పు. మొదటి రోజు బుట్టలు నేనే గుమ్మం బయటికి తెచ్చి ఆమెను పేరుకు 'గారు' చేర్చి పిలిస్తే, ఇంకెవరినో పిలిచాననుకుని వెనక్కి తిరిగి చూసింది. పక్కింటాయన మాత్రం, "ఆ పని నీకెందుకు? ఇంట్లో ఆడవాళ్లు లేరా?" అని అడిగాడు. ఒక్క ప్రశ్నలో రెండు పెత్తనాలు బయటపడ్డాయి.

వచ్చే గ్రామసభకు నేనొక అర్జీ రాసి పెట్టుకున్నాను. చెత్త అంశం చర్చకు వచ్చినప్పుడు మొదట మాట్లాడవలసింది ఆమె. వేపచెట్టు కింద నుంచి కాదు, లోపల కుర్చీలో కూర్చుని. ఆమె చెప్పినది తీర్మానాల పుస్తకంలో ఆమె పేరుతోనే ఎక్కాలి. బుట్టలు మూడా నాలుగా అన్నది ఆ తర్వాత తేల్చుకుందాం.