కొత్త కోళ్లను పాత మందలో కలపడం: పొడుచుకోవడాన్ని అదుపులో ఉంచడం

కిందటి భాగంలో పెరటి పెంపకానికి అనువైన కోళ్ల రకాల గురించి చదివారు. వనరాజా, గ్రామప్రియ వంటి రకాలను తెచ్చుకునే ఇళ్లలో చాలావాటికి అప్పటికే నాలుగైదు నాటుపెట్టలు ఉంటాయి. కొత్తవాటిని నేరుగా వాటి మధ్యకు వదిలితే మొదటి రోజే గొడవ మొదలవుతుంది. కొత్త పెట్టలు మూలకు నక్కుతాయి, మేత దగ్గరకు రావు. వారం తిరిగేసరికి ఒకటో రెండో చనిపోతే, పాతవి పొడిచి చంపాయనుకుంటాం. కాని ఆ కోడిని ఎత్తి పరిశీలిస్తే చాలాసార్లు ఒంటిమీద పెద్ద గాయం కనిపించదు. రొమ్ము ఎముక కత్తిలా తేలి ఉంటుంది, మెడ కింద మేత తిత్తి ఖాళీగా ఉంటుంది. అంటే అది దెబ్బలకు కాదు, మేత, నీరు అందక చనిపోయింది. ఈ తేడా తెలిస్తే ఇక్కడ చెప్పే జాగ్రత్తల్లో చాలావాటికి కారణం మీకే అర్థమవుతుంది.

కోళ్లు ఎందుకు పొడుచుకుంటాయి?

కోళ్ల మందలో ఏ కోడి ఎవరి కంటే పైది, ఎవరి కంటే కిందిది అనే వరుస ఒకటి ఉంటుంది. నార్వేకు చెందిన జంతుశాస్త్రవేత్త థోర్లీఫ్ షెల్డరప్ ఎబ్బే ఈ వరుసను శాస్త్రీయంగా వివరిస్తూ 1922లో తన పరిశోధనను ప్రచురించాడు. పై కోడి కింది కోడిని పొడవవచ్చు. కిందిది తిరిగి పొడవదు, పక్కకు తప్పుకుంటుంది. వరుస ఒకసారి కుదిరితే నిజంగా పొడవాల్సిన అవసరమే తగ్గుతుంది. పైది మెడ ఎత్తి చూస్తే చాలు, కిందిది జరిగిపోతుంది. కాబట్టి మొదట్లో జరిగే పోట్లాటను కోళ్ల చెడ్డ బుద్ధిగా కాక, తరువాతి ప్రశాంతతకు అవసరమైన బేరంగా చూడాలి.

కొత్త కోడి రాగానే ఈ బేరం మళ్లీ మొదలవుతుంది. ఎంత ఎక్కువగా మొదలవుతుందో లెక్క కట్టి చూడండి. ఆరు పాత పెట్టల మధ్య 15 జతలు ఉంటాయి. ఈ 15 జతల్లో ఎవరు పై, ఎవరు కింద అన్నది ముందే తేలిపోయింది. కలిసి పెరిగిన నాలుగు కొత్త పెట్టల మధ్య 6 జతలు ఉంటాయి, అవీ తేలినవే. కాని ఒక్కో కొత్త పెట్ట ఒక్కో పాత పెట్టతో తేల్చుకోవాల్సినవి 24 జతలు. ఈ 24 తేలేవరకు మంద కుదుటపడదు.

స్వయం పరీక్ష: ఐదు పాత పెట్టల్లో మూడు కొత్త పెట్టలను కలిపితే కొత్తగా తేలాల్సిన జతలు ఎన్ని? ఒకే ఒక కొత్త పెట్టను కలిపితే ఎన్ని? రెండో సందర్భంలో జతలు తక్కువైనా ఆ పెట్ట పరిస్థితి ఎందుకు మరింత కష్టమో ఆలోచించండి.

కోళ్లు ఒకదాన్నొకటి ప్రధానంగా తలను, తలపై ఉండే ఎర్రని తురాయిని బట్టి గుర్తుపడతాయి. రెండు మూడు వారాలు విడిగా ఉన్న పెట్ట తిరిగి వస్తే మంద దాన్ని కొత్తదానిగానే చూసే అవకాశం ఉంది. ఈ సంగతి ముందు ముందు అవసరమవుతుంది.

పొడవడంలో రెండు రకాలు

పెంపకందారులు ఎక్కువగా పొరబడే చోటు ఇదే. వరుస కోసం పొడిచే కోడి ఎదుటిదాని తలమీద, మెడమీద పొడుస్తుంది. దెబ్బ తిన్నది పారిపోగానే చాలావరకు అక్కడితో ఆగుతుంది. రెండో రకం వేరు. ఒక కోడి మరోదాని తోక మొదట్లో, వీపుమీద, గుడ్డు పెట్టే ద్వారం దగ్గర ఈకలు పీకుతుంది, ఒక్కోసారి పీకిన ఈకను తింటుంది. ఇందులో కోపం కనిపించదు, మేత ఏరుకున్నంత నెమ్మదిగా జరుగుతుంది. ఇది వరుసకు సంబంధించినది కాదు. ఇరుకు, ఎండ వేడి, మాంసకృత్తుల లోటు, ఉప్పు లోటు, కోడిపేలు, పగలంతా మూసి ఉంచడం వంటివి దీనికి కారణాలు. మొదటిదాన్ని ఓపికతో కనిపెట్టుకుని ఉండాలి. రెండోదాన్ని ఓపిక పట్టి వదిలేయకూడదు, ఎందుకంటే చర్మం చీలి రక్తం కనిపిస్తే మిగతా కోళ్లు కూడా అక్కడే పొడుస్తాయి.

మరో మాట. తురాయిమీద ఎండిన పొక్కులు కనిపిస్తే వెంటనే పొడిచిన గాయాలనుకోవద్దు. కోళ్ల మశూచిలో కూడా అలాగే ఉంటుంది. కంటి చుట్టూ కూడా కాయల్లాంటి పొక్కులుంటే పశువైద్యునికి చూపించాలి.

కలిపే పద్ధతి

కొత్త కోళ్లను తెచ్చిన వెంటనే పాతవాటికి చూపించకూడదు. కొక్కెర తెగులు లక్షణాలు బయటపడటానికి రెండు నుంచి పదిహేను రోజులు పట్టవచ్చు కాబట్టి కనీసం మూడు వారాలు దూరంగా, వేరే గిన్నెలతో ఉంచాలి. ముందుగా పాత కోళ్ల పని చూసుకుని, తరువాతే కొత్తవాటి దగ్గరకు వెళ్లాలి. టీకాలు ఏవి వేశారో అమ్మినవారిని అడిగి రాసుకోవాలి.

ఆ తరువాతి వారం పదిరోజులు చాలా ముఖ్యమైనవి. కొత్తవాటిని పెరట్లోనే ఇనుప వల కట్టిన చిన్న దొడ్డిలో ఉంచాలి. ఒకదాన్నొకటి చూడగలగాలి, పొడవగలిగేంత దగ్గరకు రాకూడదు. వలకు రెండు వైపులా దగ్గర దగ్గరగా మేత వేస్తే ఎదురెదురుగా తినడం అలవాటవుతుంది. పాత పెట్టలు మొదటి రెండు రోజులు వలమీదకు ఉరుకుతాయి, తరువాత ఆసక్తి తగ్గుతుంది. వాటి పక్కనే కొత్తవి నింపాదిగా తింటున్నాయంటే వదలవచ్చు. రాత్రి చీకట్లో కొత్త కోళ్లను గూట్లో పెడితే పొద్దున్నే పాతవి గుర్తుపట్టవని చాలామంది నమ్ముతారు. చీకట్లో పెట్టడం వల్ల ఆ రాత్రి గొడవ తప్పుతుంది. తెల్లవారితే 24 జతలూ అలాగే ఉంటాయి. వల కట్టే ఓపిక లేనప్పుడు చేసే పని అది, దానికి బదులు కాదు.

వదిలేటప్పుడు ఒక్కదాన్ని వదలకూడదు. అన్ని దెబ్బలూ దానిమీదే పడతాయి. సాధ్యమైనంతవరకు పాతవాటికి దగ్గర సైజులో ఉన్న మూడు నాలుగింటిని ఒకేసారి వదలాలి. అసీల్ పెట్టలున్న మందలో మరింత జాగ్రత్త అవసరం. ఈ జాతిలో పుంజులే కాదు, పెట్టలు కూడా పోరుకు వెనుదీయవు.

ఓడిన కోడికి పారిపోయే దారి ఉండాలి. మూల ఉన్న చోట పారిపోలేక తల దాచుకుంటే దానిమీద పొడుస్తూనే ఉంటాయి. పెరట్లో రెండు కొబ్బరి మట్టలు వాల్చి ఉంచడం, ఒక పాత మంచాన్ని నిలబెట్టడం వంటివి చాలు, కంటికి మరుగు దొరుకుతుంది. మేత, నీళ్లు ఒకచోట కాక కనీసం రెండు మూడు చోట్ల, ఒకచోటి నుంచి మరోచోటు కనిపించని విధంగా పెట్టాలి. పై కోడి ఒకేసారి అన్నింటికీ కాపలా కాయలేదు. పగలంతా బయట తిరిగే పెద్దకోడికి రాత్రి గూట్లో కనీసం ఒక చదరపు అడుగు, వాలే కర్రమీద ఆరు నుంచి ఎనిమిది అంగుళాల చోటు ఉండాలి. సాయంత్రం గూట్లోకి వెళ్లే వేళ గమనించండి. పగలు కనిపించని గొడవ అప్పుడు బయటపడుతుంది. కొత్త కోడిని చేత్తో పట్టుకుని మేత తిత్తిని తడిమి చూడటానికి కూడా అదే సరైన సమయం. రెండు సాయంత్రాలు వరసగా ఖాళీగా ఉంటే దానికి విడిగా మేత పెట్టాలి.

తీవ్రత సాధారణంగా వారం పదిరోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే దెబ్బలు తినే కోడిని కాక, పొడిచేదాన్ని తీసి నాలుగైదు రోజులు విడిగా ఉంచండి. దెబ్బలు తినేదాన్ని తీసేస్తే అది తిరిగి వచ్చేసరికి మళ్లీ కొత్తదవుతుంది. పొడిచేదాన్ని తీస్తే ఈలోగా మిగతావి తమలో తాము తేల్చుకుంటాయి. అది తిరిగి వచ్చి తన స్థానాన్ని వెతుక్కోవాలి.

రక్తం కనిపిస్తే

గాయపడిన కోడిని వెంటనే వేరు చేయాలి. శుభ్రమైన నీటితో కడిగి, వేపనూనెలో కలిపిన పసుపు పట్టించాలి. ఎరుపు పూర్తిగా మాయమై, చర్మం ఆరేవరకు మందలో కలపకూడదు. తరువాత కారణం వెతకాలి. నూకలు మాత్రమే తినే కోడికి మాంసకృత్తులు సుమారు 8 శాతమే అందుతాయి. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో అవి 16 శాతం దాకా ఉంటాయి. ఈకలో అధికభాగం మాంసకృత్తులే కాబట్టి, ఈకలు పీకి తినే మందకు వేరుశనగ చెక్క, చెదపురుగులు, అజొల్లా వంటివి ఇచ్చి చూడాలి. పెద్ద ఫారాల్లో చేసినట్టు ముక్కు కత్తిరించడం పెరటి కోళ్లకు తగదు. ఆ ముక్కుతోనే అవి తమ మేత ఏరుకోవాలి.

పిల్లలు, పొదుగుడు పెట్ట

ఆరు వారాల పిల్లలు పెద్దకోళ్లతో వరుస తేల్చుకునే వయసులో ఉండవు. వాటిని పెరట్లోకి వదిలినా రాత్రి గూడు వేరుగా ఉండాలి. వెదురు గంపను బోర్లించి, ఒక వైపు ఇటుక పెట్టి పిల్లలు మాత్రమే దూరేంత సందు ఉంచి, లోపల మేత పెడితే పెద్దవి తినలేవు. మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న ఈ పద్ధతి కంటే చవకైనది మరొకటి లేదు. మూల గదిలో 21 రోజులు పొదిగి వచ్చిన పెట్టను కూడా మంద కొత్తదానిగానే పలకరిస్తుంది. అయితే పిల్లలు వెంట ఉన్నంతకాలం అదే ఎదురుతిరిగి మీద పడుతుంది కనుక దాని గురించి దిగులు అక్కరలేదు. పిల్లలను విడిచిన రోజు నుంచి మాత్రం గమనించండి.